మొరెల్లాలో ఆరేళ్లకోసారి జరిగే ఉత్సవం మొక్కు తీర్చుకోవడమేనా?

ప్రశ్న:
స్పెయిన్ తూర్పు భాగంలో, కాస్తెయోన్ ప్రాంతపు కొండల మీద, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న మొరెల్లా పట్టణం గురించి చదువుతున్నాను. అక్కడ ఆరేళ్లకోసారి జరిగే ‘సెక్సెన్ని’ ఉత్సవానికి వీధులన్నీ కాగితంతో అలంకరిస్తారట. ఇది పర్యాటకుల కోసం మొదలైన సంబరమా, పాత ఆచారమా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
ఇది ముమ్మాటికీ పాత మొక్కు తీర్చుకోవడమే. 1672లో ప్లేగు ఊరిని పట్టి పీడించినప్పుడు, 20 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న వల్లివానా మాత (మేరీమాత) విగ్రహాన్ని ఊరేగింపుగా కొండ మీదికి తీసుకొచ్చారు. వ్యాధి తగ్గుముఖం పట్టడంతో, ప్రతి ఆరేళ్లకూ మాతకు ఉత్సవం చేస్తామని 1673లో ఊరు మొక్కుకుంది. ఆ మాటను తరతరాలుగా నిలుపుకుంటూ వస్తున్నారు. 2018లోనూ, 2024లోనూ చేశారు. ఆగస్టులో జరిగే ఈ ఉత్సవానికి ముందు ఏడాది ఆగస్టులోనే ‘అనున్సి’ పేరుతో చాటింపు వేడుక జరుగుతుంది.

జవాబు 2:
పై జవాబుకు కాగితం సంగతి జోడిస్తున్నాను, ఎందుకంటే నన్ను అన్నిటికంటే కదిలించింది అదే. సన్నని పట్టీలుగా కత్తిరించిన పలుచని కాగితాన్ని ఒక్కొక్కటిగా వంకీలు తిప్పి, పక్కపక్కనే అతికిస్తూ పోతే, దూరం నుంచి చూసేవారికి అది చిత్రపటంలా కనిపిస్తుంది. ఏ వీధి అలంకరణను ఆ వీధివారే చేసుకుంటారు, దానికి నెలల తరబడి శ్రమిస్తారు. వానొస్తే ఏమవుతుందో తెలిసి కూడా ఇంత ఓపికగా చేయడంలో భక్తి ఎంతో ఉంది. రైతులు, నేతగాళ్ల వంటి వృత్తిసంఘాల నృత్యాలు కూడా ఈ ఉత్సవంలోవే. ఒకప్పుడు ఈ ఊరికి ఉన్నితోనూ, నేతతోనూ సిరి వచ్చింది మరి.

జవాబు 3:
ఊరిని చుట్టిన ప్రాకారం రెండు కిలోమీటర్లకు పైగా సాగుతుంది, ఊరి నడినెత్తిన కోట ఉంటుంది. స్పెయిన్ సింహాసనం కోసం జరిగిన కార్లిస్టు అంతర్యుద్ధంలో 1838లో కార్లిస్టుల సేనాని కబ్రేరా పక్షం ఆ కోటను పట్టుకోగా, 1840లో రాణి పక్షపు సేనాని ఎస్పార్తెరో సేనలు ముట్టడించి తిరిగి స్వాధీనం చేసుకున్నాయి. వెళ్లేవారు శాంతా మరియా చర్చిని మాత్రం వదలవద్దు. అక్కడ గాయకబృందపు వేదికను నేల మీద కాకుండా స్తంభాల మీద ఎత్తుగా కట్టారు, దాని మీదికి వెళ్లే మెట్లు శిల్పాలతో నిండి ఒక స్తంభం చుట్టూ మెలికలు తిరుగుతాయి. ఆ వేదిక కిందుగానే జనం నడిచి వెళతారు.