‘పర్సుయేడ్’ అంటే నచ్చజెప్పడమా, ఒప్పించడమా?

అందరికీ నమస్కారం. మాది మద్దిలపాలెం, నేను స్టాఫ్ నర్సుని. బయటి దేశంలో ఉద్యోగం కోసం ఓఈటీకి చదువుతున్నాను. తెలియనివాళ్ళకి చెప్తున్నా, అది డాక్టర్లు, నర్సులు వంటి 12 వైద్య వృత్తులవాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష. రైటింగ్‌లో పేషెంటు గురించి ఒక ఉత్తరం రాయాలి. స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు. ఒక్కోదానికి కార్డు ఇచ్చి మూడు నిమిషాలు చదువుకోమంటారు, తర్వాత ఐదు నిమిషాలు ఎదుటి మనిషే పేషెంటు అనుకుని మాట్లాడాలి.

మొన్న మాక్ టెస్టు ఉత్తరంలో ‘ఐ పర్సుయేడెడ్ ద పేషెంట్ మెనీ టైమ్స్ టు టేక్ ఇన్సులిన్, బట్ హి డిడ్ నాట్ అగ్రీ’ అని రాశాను. కోచింగ్ సార్ కింద ఎర్రగీత కొట్టారు. ఎందుకు సార్ అంటే, ఒప్పించడానికీ పాల్గొనడానికీ సంబంధించిన నలభై మాటల కాగితం చేతిలో పెట్టి బట్టీ పట్టమన్నారు. అందులో పర్సుయేడ్ ఎదురుగా ‘నచ్చజెప్పు’ అనే ఉంది. నేను చేసిందీ అదే కదా! ఎంత నచ్చజెప్పినా ఆయన వినలేదు. ఇందులో తప్పేంటో ఎవరైనా చెప్తారా?

గాజువాక మాస్టారు: అమ్మా, మీ ఇంగ్లీషులో తప్పు లేదు. తప్పంతా ఆ కాగితంలోనే ఉంది. నచ్చజెప్పు అన్న మాటని విడదీసి చూడండి, చివర ఉన్నది ‘చెప్పు’. చెప్పడంతో మన పని అయిపోతుంది, వినడం వినకపోవడం అవతలివాడి ఇష్టం. అందుకే ‘నచ్చజెప్పాను, వినలేదు’ అంటే తెలుగులో దివ్యంగా ఉంటుంది. ఇప్పుడు ‘ఒప్పించాను, ఒప్పుకోలేదు’ అని చూడండి. నవ్వరూ? అవతలివాడు ఒప్పుకుంటేనే మనం ఒప్పించినట్టు. పర్సుయేడ్ ఈ రెండో జాతి మాట. ‘పర్సుయేడెడ్’ అనగానే పేషెంటు చెయ్యి చాపేశాడు, సూది పడిపోయింది. ఆ వెంటనే ‘బట్’ అంటే చదివేవాడికి మతిపోతుంది.

రాయబారంలో కృష్ణుడు దుర్యోధనుడికి నచ్చజెప్పాడు. ఒప్పించలేదు. ఒప్పించి ఉంటే పదకొండు అక్షౌహిణులూ ఇళ్ళకి పోయేవి.

మీ వాక్యంలో ‘ట్రైడ్ టు పర్సుయేడ్’ అనండి, సరిపోతుంది. లేదా ‘అర్జ్‌డ్’. అర్జ్ అచ్చం మన నచ్చజెప్పు లాంటిది కాదు, కాస్త తొందరపెట్టడం ఉంటుంది అందులో. కానీ ఫలితం గురించి మాట ఇవ్వదు. అదే మీకు కావలసింది.

ఎంవీపీ కాలనీ నుంచి: మాస్టారూ, చిన్న అడ్డుపుల్ల. ‘అలిగి పుట్టింటికెళ్తే నచ్చజెప్పి తీసుకొచ్చాం’ అంటాం కదా. అక్కడ పని జరిగినట్టేగా?

గాజువాక మాస్టారు: జరిగింది. కానీ జరిగిందని చెప్పింది ‘తీసుకొచ్చాం’. అది తీసేసి ‘నచ్చజెప్పాం’ దగ్గర ఆపండి. వినేవాడు వెంటనే ‘అయితే, వచ్చిందా?’ అని అడుగుతాడు.

ఎంవీపీ కాలనీ నుంచి: ఒప్పుకున్నాను. చూశారా, ఒప్పించారు.

సిరిపురం నుంచి: మాట పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. పర్సుయేడ్ లాటిన్ నుంచి వచ్చింది. అందులోని ‘సుయేడ్’కి అడుగున ఉన్న వేరు తీపికి సంబంధించినది. సంస్కృతంలో స్వాదు, ఇంగ్లీషులో స్వీట్, రెండూ ఆ వేరుకి పుట్టినవే. అంటే తియ్యగా చెప్పి దారికి తేవడం. కన్విన్స్ మాత్రం ‘జయించు’ అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. అందుకే పాత పద్ధతి వ్యాకరణం చెప్పేవాళ్ళు మనసుని నమ్మించడానికి కన్విన్స్, పనికి ఒప్పించడానికి పర్సుయేడ్ అని గీత గీస్తారు. ఇప్పుడు మాట్లాడేవాళ్ళు ఆ గీత పెద్దగా పట్టించుకోరు గానీ, రాతలో పాటిస్తే అందంగా ఉంటుంది.

మొదట అడిగిన నర్సు: షుగర్ పేషెంటుకి తీపి మాటలన్నమాట. బాగుంది. మాస్టారూ, సిరిపురం సార్, చాలా థాంక్స్.

ఆరిలోవ అక్క (నేనూ నర్సునే): చెల్లీ, వార్డులో మనం చేసేవి ఈ రెండేనా? ముసలివాళ్ళని బుజ్జగిస్తాం, దానికి కోక్స్ అనే మాట ఉంది. బతిమాలతాం, అది ప్లీడ్ లేదా బెగ్, కానీ నర్సు పేషెంటుని బతిమాలినట్టు ఉత్తరంలో రాయకు. బలవంతపెట్టడం కోఎర్స్, అది రాస్తే ఉద్యోగానికే ఎసరు. ఇక మనం రోజూ చేసే అసలు పని మొహమాటపెట్టడం. ‘మీ అమ్మాయిలాంటిదాన్ని, నా కోసం రెండు ముద్దలు తినండి’ అంటాం చూడు, అది. దానికి ఒక్క ఇంగ్లీషు మాట ఎక్కడా దొరకలేదు నాకు.

మొదట అడిగిన నర్సు: అక్కా, నిజం! ఇంకో డౌటు. ఒక కార్డులో ‘ఇన్వాల్వ్ ద ఫ్యామిలీ’ అని ఉంది. ఇంట్లోవాళ్ళని కేసులో ఇరికించమన్నట్టు వినిపించింది నాకు.

గాజువాక మాస్టారు: ఎందుకు వినిపించదు! ‘ఆ గొడవలో వీడూ ఇన్వాల్వ్ అయ్యాడు’, ‘నువ్వు అందులో ఇన్వాల్వ్ అవ్వకు’. మన నోట్లో ఈ మాట ఎప్పుడూ పోలీస్ స్టేషన్ చుట్టూనే తిరుగుతుంది. ఇంగ్లీషులో నేరం మాట ఒక మూల మాత్రమే. మనుషుల్ని ఇన్వాల్వ్ చేయమంటే కలుపుకొని పొమ్మని. భార్యకి కూడా షుగర్ చూడటం నేర్పండి, డైట్ ఆవిడతో మాట్లాడండి, అంతే.

మనవాళ్ళు అసలు వాడనిది ఇంకోటుంది. ‘ద ట్రీట్‌మెంట్ ఇన్వాల్వ్స్ త్రీ ఇంజెక్షన్స్ ఎ డే.’ ఇక్కడ దాని అర్థం ఉత్త ‘ఉంటుంది’. చికిత్సలో రోజుకి మూడు ఇంజెక్షన్లు ఉంటాయి. పేషెంటుకి వివరించేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

మా నాన్నగారు 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని వీధుల్లో తిరిగినవారు. ఇంట్లో ‘ఉద్యమంలో తిరిగాడు’ అనేవారు. ‘హి వాజ్ ఇన్వాల్వ్‌డ్ ఇన్ ద మూవ్‌మెంట్’ అంటే సరిగ్గా అదే. అందులో నిందేమీ లేదు.

సిరిపురం నుంచి: పార్టిసిపేట్ గురించి కూడా చెప్పాలి. లాటిన్‌లో భాగం, తీసుకోవడం అనే రెండు మాటలు కలిస్తే పుట్టింది. మన పాల్గొను ఏమిటి? పాలు అంటే వాటా, కొను అంటే తీసుకొను. రెండు భాషలూ విడివిడిగా ఒకే లెక్క వేశాయి! అన్నట్టు, పార్టిసిపేట్ తర్వాత ‘ఇన్’ మరిచిపోవద్దు. మనవాళ్ళు తరచూ మింగేస్తారు. తెలుగులో ‘పోటీలో’ అని ఆ ‘లో’ ఉండనే ఉంది, అదే ఇన్.

మొదట అడిగిన నర్సు: ఉత్తరం తిరగరాశాను. ‘ఐ ట్రైడ్ టు పర్సుయేడ్ హిమ్ ఆన్ త్రీ అకేషన్స్, హౌఎవర్, హి డిక్లైన్డ్.’ రేపు స్పీకింగ్ మాక్ ఉంది. ప్రాక్టీసుకి మా అమ్మని పేషెంటుగా కూర్చోబెట్టాను. ఇన్సులిన్ వద్దు, కాకరకాయ రసం చాలంటోంది. ఐదు నిమిషాలు కాదు, ఇరవై అయ్యాయి. నాన్నని కూడా ఇన్వాల్వ్ చేశాను, ఆయన కాకరకాయ వైపు చేరిపోయారు. ఇంకా ‘ట్రైడ్ టు’ దగ్గరే ఉన్నాను.