సమస్య: బావిఁ బడెడి బిడ్డ పంతులయ్యె

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇది. ఈసారి చైనా వాళ్ళ మనసు గొడవ మీద. బావిలో పడబోతున్న పసిబిడ్డను చూస్తే ఎవడికైనా గుండె గుబుక్కుమంటుంది, మంచితనానికి మొలక అదే అన్నాడు చైనా తత్త్వవేత్త మెన్షియస్, క్రీ.పూ. 4వ శతాబ్దంలో. ‘బడెడి’ అంటే పడబోతున్న, ఇంకా పడలేదు, కాబట్టి బిడ్డను చంపకండి.

వేపచెట్టు:
ఎవరి పాపయైన నెదలోన గుబులాయె
మెప్పు కోసమనుచుఁ గదలలేదు
చీన మునికిఁ దెల్ప జీవుల తత్త్వమ్ము
బావిఁ బడెడి బిడ్డ పంతులయ్యె

నిర్వాహకుడు: ఎత్తుగడ బాగుంది. రెండో పాదంలో యతి పోయింది, ‘మె’కి ‘గ’ కుదరదు. ‘మెదలలేదు’ అనండి, యతితో పాటు అర్థమూ బాగుపడుతుంది, ఎందుకంటే మెన్షియస్ ఆ మనిషి పరుగెత్తి బిడ్డను కాపాడాడని ఎక్కడా అనలేదు, ఉలికిపాటు దగ్గరే ఆగాడు. మెదిలింది కాలు కాదు, ఎద. ఇంకోటి, ‘జీవుల తత్త్వం’ అంటే ఆయనే ఒప్పుకోడండీ. పుట్టుకతో వచ్చిందే స్వభావం అని తనతో వాదించిన గావోజీని, అయితే కుక్క స్వభావం, ఎద్దు స్వభావం, మనిషి స్వభావం ఒకటేనా అని నిలదీశాడు కదా! ‘చీన మునికిఁ దెల్పఁ జిత్తంపు లోతులు’ అంటే సరిపోతుంది.

వేపచెట్టు: సరిచేసుకున్నాను గురువుగారూ. యతి దగ్గర ఎప్పుడూ ఇదే టెన్షన్.

ఎర్రమట్టి: నేను మెన్షియస్‌ను కాదన్న చైనా తత్త్వవేత్త షుంజీ పక్షం.
వంగినట్టి కఱ్ఱ వట్టినే నిలుచునా
కాచి యదిమి దానిఁ గట్టకున్న
గురువు లింక నేల గుణము నేర్పించఁగా
బావిఁ బడెడి బిడ్డ పంతులయ్యె!

నిర్వాహకుడు: ఎత్తిపొడుపుతో పూరించారు, భేష్. వంకర కర్రను ఆవిరి పట్టి అదిమితేనే తిన్ననవుతుందన్నది షుంజీ పోలికే. మనిషి స్వభావం చెడ్డది, మంచి అనేది పనిగట్టుకుని చేసుకున్నది అన్నాడాయన.

వేపచెట్టు: అందరూ వంకర కర్రలే అయితే మొదటి గురువును ఎవరు అదిమారన్నా?

ఎర్రమట్టి: అది పాత ప్రశ్నే తమ్ముడూ. రేపు పద్యంలో చెప్తా.

నల్లరేగడి:
ఊహ యన్నఁ గురువు లొప్పలే దా మాట
కనులముందె యుండెఁ గాంచు మనిరి
ఉలికిపడిన గుండె యొకటియే సాక్ష్యమౌ
బావిఁ బడెడి బిడ్డ పంతులయ్యె

ఎర్రమట్టి: నడక బాగుంది కానీ ఎవరా గురువులు? పేరు లేకపోతే మాలాంటి వాళ్ళకు తెలిసేదెలా?

నల్లరేగడి: చైనా తత్త్వవేత్త షియోంగ్ షిలి (1885–1968). మంచిచెడ్డల ఎరుక మనిషికి పుట్టుకతోనే ఉందన్న మాటను ఇంకో తత్త్వవేత్త ఫెంగ్ యోలాన్ ఒక ఊహ అన్నాడట, అంటే లెక్క కుదరడానికి ముందే ఒప్పేసుకునేది, జర్మన్ తత్త్వవేత్త కాంట్ దేవుణ్ణీ ఆత్మ అమరత్వాన్నీ ఒప్పుకున్నట్టు. షియోంగ్ కస్సుమన్నాడు, ఊహేమిటి, అది ఇప్పుడే ఇక్కడే కనిపిస్తోంది, చూసుకో అన్నాడు. అక్కడే ఉన్న శిష్యుడు మో జోంగ్‌సాన్ (1909–1995) ఆ సంగతి తర్వాత రాసుకున్నాడు. మనిషికి అలాంటి నేరు చూపు లేదన్న కాంట్‌తో మో పెట్టుకున్న పేచీ అంతా దీని చుట్టూనే. షుంజీని మాత్రం కన్ఫ్యూషియస్ అసలైన దారిలోకి రానివ్వలేదు.

ఎర్రమట్టి: అదే అన్యాయం! కనిపిస్తోంది అంటే సరా, కనిపించని వాడి సంగతేంటి?

నిర్వాహకుడు: నల్లరేగడి గారూ, ‘సాక్ష్యమౌ’ దగ్గర ‘ఔ’ పాదం నింపడానికి పెట్టినట్టుంది, ఇంకోసారి చూడండి. ఎర్రమట్టి గారి రేపటి పద్యం కోసం ఈ సమస్యను ఇంకో రోజు ఉంచుతున్నాను.