లావుగా ఉన్న ఆడవాళ్ళకి రైడింగ్ ప్యాంటు: కొనుక్కోవాలా, కుట్టించుకోవాలా?

పటమట రైడర్:
నాకు 39 ఏళ్ళు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 84 కిలోలు. విజయవాడ బయట ఒక క్లబ్బులో నాలుగు నెలలుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను. ముందుగా, పోయిన ఆదివారం ఏం జరిగిందో చెప్తాను.

ఆన్‌లైన్‌లో తెప్పించిన బ్రీచెస్ (ఒంటికి అతుక్కుని ఉండే స్వారీ ప్యాంటు) వేసుకుని వెళ్ళాను. ఆ కంపెనీ ఆడవాళ్ళకి ఇచ్చే సైజుల్లో అదే పెద్దది. అద్దం ముందు నిలబడితే బాగానే ఉంది. ఎడమకాలు స్టిరప్‌లో, అంటే జీనుకి వేలాడే పాదం కొక్కెంలో పెట్టి కుడికాలు అవతలికి వేసేసరికి వెనక కుట్టు జానెడు పిగిలిపోయింది. గుర్రాన్ని పట్టుకున్న కుర్రాడికి కూడా ఆ చప్పుడు వినిపించింది. కప్పుకుందామంటే పొడవు కుర్తీ లేదు, మా క్లబ్బులో టీషర్టు లోపలికి దోపుకోవాలని రూలు. దిగితే అందరికీ కనబడుతుందని గంటసేపు దిగకుండా అలాగే కూర్చున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

నాకు స్వారీ మానాలని లేదు. అడగదలచుకున్నవి రెండు. మా లాంటి ఒళ్ళున్నవాళ్ళకి రెడీమేడ్ నయమా, టైలర్ నయమా? టీషర్టు దోపుకోవాలనే రూలు మాకు కూడా ఉండాల్సిందేనా?

బందరురోడ్డు:
తప్పుగా అనుకోకండి అమ్మా, మీ మేలు కోరే చెప్తున్నాను. ముందు ఓ పది కిలోలు తగ్గి ఆ తర్వాత స్వారీ మొదలుపెడితే బట్టల గొడవే ఉండదు కదా. పైగా నోరులేని జీవం, దానికీ బరువే.

కొత్తపేట గుంటూరు:
బందరురోడ్డు గారూ, తగ్గేదాకా ఆవిడ ఏం వేసుకోవాలి? ప్రశ్న అది.

గన్నవరం వెటర్నరీ:
నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివాను, గుర్రాలకి వైద్యం చేస్తాను. గుర్రం మీద జాలితో అన్న మాటే కాబట్టి లెక్కతోనే చెప్తాను.

మనిషి, జీను, మిగతా సామాను అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం లోపు ఉండాలన్నది ఎక్కువమంది పాటించే హద్దు. అమెరికాలోని ఒహాయోలో 2008లో వచ్చిన ఒక పరిశోధనలో ఎనిమిది గుర్రాల మీద 15, 20, 25, 30 శాతం బరువులు వేసి చూశారు. 25, 30 శాతం దగ్గర కండరాల నొప్పి, బిగుసుకుపోవడం స్పష్టంగా పెరిగాయి. 20 దగ్గర అంత తేడా లేదు.

ఈవిడ 84, జీను ఓ తొమ్మిది కిలోలు అనుకుంటే 93. అంటే 465 కిలోలు దాటిన గుర్రం కావాలి. రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్ జాతి గుర్రాల్లో ఆ బరువున్నవి మామూలే. 400 కిలోల మార్వారీ జాతి గుర్రం అయితే 80 కిలోలే హద్దు, దాన్ని ఈవిడకి ఇవ్వకూడదు. కానీ తగిన గుర్రాన్ని కేటాయించడం క్లబ్బు పని. అది చూసుకున్నాక ఆవిడ బరువు గురించి మాట్లాడాల్సిన అవసరం ఇంకెవరికీ లేదు.

ఇంకో మాట. ప్యాంటు పట్టేస్తే మనిషి తుంటి బిగబట్టి కూర్చుంటుంది, అడుగడుక్కీ జీను మీద పడుతుంది. ఆ దెబ్బ తగిలేది గుర్రం వెన్నుకే. జాలి ఉంటే ముందు ఆవిడకి సరిపోయే ప్యాంటు దొరకాలని కోరుకోండి.

గుర్రాల మాస్టారు:
నేను స్వారీ నేర్పిస్తాను, వేరే క్లబ్బులో. టీషర్టు దోపుకోమని నేనూ అంటాను, ఎందుకో చెప్తాను. మీ నడుము వంగిందా, తుంటి కదులుతోందా అన్నది నాకు కనబడాలి. వదులు కుర్తీలో ఏమీ తెలియదు. ఇంకా పెద్ద భయం దిగేటప్పుడు. కుర్తీ అంచు జీను ముందుభాగానికి తగులుకుంటే మనిషి సగంలో వేలాడుతుంది. ఆ టైములో గుర్రం ఒక్క అడుగు వేసినా ప్రమాదం. అందుకని లావుగా ఉన్నవాళ్ళకొక రూలు, సన్నగా ఉన్నవాళ్ళకొక రూలు పెట్టలేను.

పటమట రైడర్:
మాస్టారూ, వదులు కుర్తీ నేనూ అడగడం లేదు. దోపుకున్న టీషర్టు రెండు రౌండ్లకే పైకి లేచి, పొట్ట దగ్గర ముడతపడి బయటికొస్తుంది. పగ్గాలు వదిలి సర్దుకోవడం కుదరదు. ధ్యాస గుర్రం మీద ఉండాల్సింది పోయి టీషర్టు మీద ఉంటోంది. అది మటుకు ప్రమాదం కాదా?

లక్ష్మీపురం కుట్లు:
గుంటూరులో పదహారేళ్ళుగా కుడుతున్నాను. రైడింగ్ ప్యాంట్లు ఇప్పటికి ఏడు కుట్టాను. మొదటి రెండూ చెడగొట్టాను, ఆ గుడ్డ డబ్బులు నేనే పెట్టుకున్నాను. అక్కడే పని తెలిసింది.

మనవాళ్ళందరూ మనిషిని నిలబెట్టి కొలతలు తీస్తారు. గుర్రం మీద మనిషి నిలబడదు కదా! అందుకని రెండోసారి గుండ్రటి బాలీసు దిండు మీద, అటొక కాలు ఇటొక కాలు వేయించి కూర్చోబెట్టి తీస్తాను. నాకు కుట్టించుకున్న ఒకావిడకి నిలబడితే సీటు చుట్టుకొలత 46 అంగుళాలు, కూర్చుంటే 49 వచ్చింది. నడుము వెనక నుంచి కాళ్ళ మధ్యగా ముందు నడుము దాకా టేపు పెడితే తేడా ఇంకా ఎక్కువ, అదీ వెనకవైపే ఎక్కువ. పటమట గారి కుట్టు పిగిలింది అక్కడే. పెద్ద సైజు కొన్నా ముందూ వెనకా సమానంగా పెరుగుతుంది తప్ప వెనక ఎత్తు చాలదు.

రెండోది, రెండు కాళ్ళూ కలిసేచోట నాలుగు కుట్లు ఒక్క చుక్కలో కలవకూడదు. అక్కడ అరచేయంత పలక ఆకారపు గుడ్డ ముక్క వేసి కుట్లని పక్కకి జరపాలి. నేనైతే ఒక మోకాలి నుంచి రెండో మోకాలి దాకా లోపలివైపు ఒకటే గుడ్డ వేస్తాను. జీనుకి ఆనుకునేచోట కుట్టన్నదే ఉండదు.

గుడ్డ మాట. అడ్డంగా మాత్రమే సాగితే చాలదు, నిలువుగానూ సాగాలి. కొట్టులో పిడికిలి మీద లాగి పట్టుకుని వెలుతురులో చూడండి. వేళ్ళు కనబడితే ఆ గుడ్డ వద్దు. లాగి వదిలాక గుడ్డలో అల మిగిలితే అదీ వద్దు, నెల తిరిగేసరికి మోకాళ్ళ దగ్గర సంచిలా జారుతుంది. నేను విజయవాడ వన్ టౌన్ వెళ్ళి వస్త్రలత అనే బట్టల మార్కెట్లో వెతుక్కుని తెచ్చుకుంటాను.

హైదరాబాద్ జంపర్:
గౌరవంగానే విభేదిస్తాను. నేనూ 90 కిలోల మనిషిని, పోటీలకి వెళ్తాను. టైలర్ దగ్గర మూడుసార్లు డబ్బులు పోగొట్టుకుని చెప్తున్నాను, మొదటి ప్యాంటు మాత్రం రెడీమేడే కొనండి. దాంట్లో డబ్బు పెట్టేది గుడ్డకీ, జీను మీద జారకుండా పట్టి ఉంచే పూతకీ. సీటు దగ్గర సిలికాన్ పట్టు (రబ్బరులాంటి పూత) ఉంటే క్యాంటర్‌లో, అంటే గుర్రం దౌడు తీసేటప్పుడు జారకుండా ఉంటాం, దాన్ని ఇంట్లో అంటించలేం. ఒంటికి గుచ్చుకోకుండా చదునుగా ఉండే ఫ్లాట్‌లాక్ కుట్టు మామూలు మిషన్ మీద రాదు. అంచులు చుట్టే ఓవర్‌లాక్ కుట్టు ఉబ్బెత్తుగా ఉండి తొడని కోసేస్తుంది.

సీటు కొలత చూసి కొనండి, నడుము వదులైతే టైలర్ చేత బిగించుకోండి. చిన్నదాన్ని పెద్దది చెయ్యలేం. మగవాళ్ళ సైజు మటుకు కొనకండి, నడుము సరిపోయినా తుంటి దగ్గర పట్టేస్తుంది. క్రీడా సామాను అమ్మే డెకథ్లాన్‌వాళ్ళవి దొరుకుతాయి. కొనకముందు వేసుకుని అక్కడే గొంతుక్కూర్చుని లేవండి, కుర్చీకి అటూ ఇటూ కాళ్ళేసి చూడండి. సిగ్గుపడకండి.

పోటీల్లో తెలుపో లేత రంగో తప్పదు. అప్పుడు లోపల తెల్లది వేసుకోకండి, ఒంటి రంగుది వేసుకుంటే బయటికి తెలియదు. సీటు దగ్గర పట్టు ముక్క కూడా ప్యాంటు రంగులోనే తీసుకోండి. వేరే రంగైతే చూసేవాళ్ళ కళ్ళు నేరుగా అక్కడికే పోతాయి.

లక్ష్మీపురం కుట్లు:
ఫ్లాట్‌లాక్ సంగతి ఒప్పుకుంటాను, అది నా దగ్గర లేదు. అందుకే కుట్టు లోపలివైపు రాకుండా చేస్తున్నాను. జారకుండా పట్టు కోసం స్వెడ్ (గరుకైన మెత్తటి తోలు) ముక్క వేస్తాను, సిలికాన్ అంత గట్టిగా పట్టుకోదు కానీ నేర్చుకునేవాళ్ళకి చాలు. అయితే నడుము బిగిస్తే సరిపోతుందన్న మాట అందరికీ కుదరదండీ. పొట్ట ఉన్నవాళ్ళకి నడుము బిగిస్తే పట్టీ మడతపడి కిందికి దొర్లుతుంది. పట్టీయే నాలుగంగుళాల వెడల్పు ఉండి బొడ్డు మీదుగా వెళ్ళాలి. పైన వేసుకున్నది ఏదైనా అప్పుడే ఒద్దికగా నిలుస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది.

కొత్తపేట గుంటూరు:
ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనే రాస్తాను. ప్యాంటు కన్నా ముందు మంచి స్పోర్ట్స్ బ్రా కొనుక్కోండి అక్కా. ట్రాట్‌లో (గుర్రం ఎగురుతూ పరుగెత్తే నడక) నాకు ఛాతీ నొప్పి వచ్చి, ముందుకి వంగి చేతులు దగ్గరికి పెట్టుకునేదాన్ని. భుజాలు నిటారుగా పెట్టమని మా కోచ్ రోజూ కేకలు. మగమనిషికి ఎలా చెప్పను? రెండు కప్పులూ విడివిడిగా ఉండి, భుజం పట్టీలు వెడల్పుగా, వెనక హుక్కులున్నది కొన్నాక రెండో రోజుకే భుజాలు వాటంతటవే నిలబడ్డాయి. తలలోంచి లాక్కునే రకం మనకి చాలదు.

తొడలు ఒరుసుకుపోకుండా వాసెలిన్ రాసుకుని, అంచు కుట్టు లేని పొడుగు నిక్కరు లోపల వేసుకోండి. మే నెలలో మన ఎండకి చెమటతోనే సగం పుండ్లు పడతాయి, ఆరింటికల్లా గుర్రం ఎక్కేయాలి.

పాత జోధ్‌పురి:
స్వారీ ప్యాంట్లలో ఒక రకం పుట్టిందే మన దేశంలో. జోధ్‌పూర్‌కి చెందిన సర్ ప్రతాప్ సింగ్ 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి లండన్ వెళ్ళినప్పుడు ఆ తరహా ప్యాంటు అక్కడ వాడుకలోకొచ్చింది, జోధ్‌పుర్స్ అన్న పేరు అలా వచ్చిందే. అసలు కటింగ్ ఎలా ఉండేది? తొడ దగ్గర బాగా వదులు, మోకాలి కింద నుంచి చీలమండ దాకా బిగువు. అప్పట్లో సాగే గుడ్డలు లేవు, కాబట్టి తొడకి చోటు కటింగ్‌లోనే ఇచ్చారు. సాగే గుడ్డలు వచ్చాకే అంతా ఒంటికి అతుక్కునే ప్యాంటు అయిపోయింది. తొడకి చోటు కావాలని అడగడం కొత్త కోరికేం కాదు. మంగళగిరి నూలు గుడ్డలో ఆ పాత కటింగ్ ఎందుకు కుట్టించుకోకూడదు?

గుర్రాల మాస్టారు:
కుట్టించుకోవచ్చు, కానీ తొడ కింద మడతలు పడకుండా చూడాలి. జీనుకీ కాలికీ మధ్య ఒక్క మడత పడితే చాలు, అరగంటలో చర్మం లేచిపోతుంది. వదులంతా బయటివైపే ఉండాలి, లోపలివైపు సాఫీగా ఉండాలి.

బూట్ల గురించి కూడా చెప్తాను. పిక్క లావుగా ఉన్నవాళ్ళు పొడుగు బూట్ల జిప్పుతో కుస్తీ పడుతుంటే చూస్తుంటాను. అక్కర్లేదు. చీలమండ దాకా ఉండే బూటు, దాని పైన పిక్కకి చుట్టుకునే హాఫ్ చాప్స్ చాలు. చాప్స్ వెనకవైపు వెడల్పు ఎలాస్టిక్ పట్టీ ఉంటుంది. అదీ చాలకపోతే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ఇంకో రెండంగుళాల ఎలాస్టిక్ వేయించుకోవచ్చు. బూటుకి మడమ మాత్రం కచ్చితంగా ఉండాలి, పాదం స్టిరప్‌లోంచి అవతలికి దూరిపోకుండా. స్పోర్ట్స్ షూ వేసుకుని ఎవరూ రావద్దు.

పటమట గారూ, టీషర్టు విషయం మీరన్నాక మళ్ళీ ఆలోచించాను. నాకు కావాల్సింది నడుము కనబడటం, ఏదీ తగులుకోకపోవడం. ఒంటికి సరిపోయి, తుంటి ఎముక దగ్గర ఆగి, పక్కల చిన్న చీలికలున్న టీషర్టు బయటికి వదిలినా ఈ రెండూ జరుగుతాయి. రేపటి నుంచి మా దగ్గర దానికి ఒప్పుకుంటాను, అందరికీ. అంతకన్నా పొడవైతే మాత్రం దోపుకోవాల్సిందే, అందులో మార్పు లేదు.

బందరురోడ్డు:
డాక్టరు గారి లెక్క చదివాను. బరువు తగ్గమన్నది అమ్మాయి మీద కోపంతో కాదు, నా కూతురికీ అదే చెప్పేవాణ్ణి. అడగని సలహా చెప్పకుండా ఉండాల్సింది. క్షమించమ్మా.

పటమట రైడర్:
పర్వాలేదండీ. మా నాన్నగారు కూడా అలాగే అంటారు.

మా క్లబ్బులో నాకిచ్చే గుర్రం బరువు ఎంతని ఈ రోజే అడిగాను, 490 కిలోలన్నారు. మనసు కుదుటపడింది. తుంటి దాకా వచ్చే టీషర్టు గురించి కూడా మాట్లాడాను, ఒక నెల చూద్దామన్నారు. ప్యాంటు మాత్రం కుట్టించుకోవాలనే నిర్ణయించుకున్నాను. హైదరాబాద్ అక్క చెప్పినట్టు సిలికాన్ ఉన్నది పోటీల దాకా వెళ్తే అప్పుడు కొంటాను. లక్ష్మీపురం గారూ, గురువారం నాకు గుంటూరులో పనుంది. సాయంత్రం రావచ్చా? గుడ్డ నేనే తేవాలా?

లక్ష్మీపురం కుట్లు:
అయిదింటికి రండి. గుడ్డ నా దగ్గర నేవీ బ్లూ, ముదురు గోధుమ రంగు ఉన్నాయి, చేత్తో పట్టుకుని చూసి తీసుకోండి. మీరు స్వారీకి వేసుకునే లోపలి నిక్కరూ, బూట్లూ వేసుకునే రండి, వాటి మీదే కొలతలు తియ్యాలి. పిగిలిన ప్యాంటు పారేయకండి, అదీ తీసుకురండి. ఎక్కడ ఎంత లాగిందో ఆ కుట్టు చూస్తే నాకు తెలుస్తుంది.