ఎస్టాబ్లిష్: ఆరంభించడమా, నిలబెట్టడమా?

చర్చ ప్రారంభించినవారు:
ఎస్టాబ్లిష్ అనగానే మనకు ముందుగా తోచే తెలుగు మాట ‘స్థాపించు’. సంస్థల విషయంలో అది చక్కగా సరిపోతుంది. కానీ నేరం ఎస్టాబ్లిష్ కాలేదంటే రుజువు కాలేదని అర్థం. ఎస్టాబ్లిష్డ్ రచయిత అంటే పేరు స్థిరపడినవాడు. కొత్తదాన్ని ఆరంభించడమే ఈ క్రియకు అసలు అర్థమనీ, తక్కినవన్నీ కాలక్రమంలో దానికి తోడైనవనీ నా అభిప్రాయం. సంస్థల బోర్డుల మీద ఈ మాట పక్కన వేసే సంవత్సరం ఆరంభమైన సంవత్సరమే కదా? అలాంటప్పుడు సంస్థను నెలకొల్పడమనే అర్థంలో వాడే ఫౌండ్ అనే ఇంగ్లీషు క్రియకూ దీనికీ తేడా ఏముంది?

అనువాదకురాలు:
మీరు చెప్పిన వరుస తారుమారైందని నా నమ్మకం. లాటిన్‌లో స్టాబిలిస్ అంటే స్థిరమైనది. దాని నుంచి పుట్టిన స్థిరపరచడమనే క్రియ పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. కాబట్టి స్థిరత్వమే ముందు, ఆరంభం ఆ తర్వాత. మన ‘స్థాపించు’లోని ‘స్థా’ ధాతువు కూడా లాటిన్ మాటకు మూలమైన ఇండో-యూరోపియన్ ధాతువు నుంచే వచ్చింది. స్థాపించడమంటే నిలిచేలా చేయడం. అందుకే తర్కంలో ఒక వాదాన్ని స్థాపించడమంటే దాన్ని కొత్తగా పుట్టించడం కాదు, ఎదుటివారు కదిలించలేనంత గట్టిగా నిలబెట్టడం.

ఫౌండ్ దారి వేరు. దాని మూలం అడుగు, పునాది అనే అర్థాలున్న లాటిన్ మాట. పునాది వేసిన రోజునే ఫౌండ్ చేయడం పూర్తవుతుంది, ఎస్టాబ్లిష్ చేయడం పూర్తి కాకపోవచ్చు. మొక్కను నాటగానే అది ఎస్టాబ్లిష్ అయిందని తోటపని తెలిసినవారు అనరు; కొత్త మట్టిలో వేరు పట్టి, దానంతటది నీరు తీసుకోగలిగిన తర్వాతే అంటారు. ఆ వాడుకలో ఆరంభమన్న అర్థం ఏ కోశానా లేదు.

చర్చ ప్రారంభించినవారు:
వ్యుత్పత్తిని కాదనను. అయితే మాటకు నేటి అర్థాన్ని నిర్ణయించేది వాడుకే కానీ పుట్టుక కాదు. కర్మ స్థానంలో కళాశాల, కంపెనీ, సంఘం వంటివి ఉన్నప్పుడు ఇంగ్లీషు పాఠకుడు ఆరంభాన్నే గ్రహిస్తాడు.

న్యాయశాస్త్ర విద్యార్థి:
ఆ కర్మ ఉన్నచోటే చిక్కు ఎంత లోతైనదో మన రాజ్యాంగం చూపిస్తుంది. 30వ అధికరణ అల్పసంఖ్యాక వర్గాలకు విద్యాసంస్థలను ఎస్టాబ్లిష్ చేసి నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో నెలకొల్పిన కళాశాల 1920 నాటి చట్టంతో విశ్వవిద్యాలయం అయింది. మరి దాన్ని ఎస్టాబ్లిష్ చేసింది ఎవరు? ఆ మాటకు ఉనికిలోకి తేవడమని అర్థం చెప్పి, విశ్వవిద్యాలయాన్ని ఉనికిలోకి తెచ్చింది చట్టమే కాబట్టి ముస్లిం వర్గం దాన్ని ఎస్టాబ్లిష్ చేసిందనడం కుదరదని 1967లో సుప్రీంకోర్టు అజీజ్ బాషా కేసులో తీర్పు చెప్పింది.

2024 నవంబరు 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:3 మెజారిటీతో ఆ వైఖరిని తోసిపుచ్చింది. చట్టం ద్వారా సంస్థకు చట్టబద్ధమైన రూపం రావడమూ, ఆ సంస్థను ఎస్టాబ్లిష్ చేయడమూ ఒకటి కావని మెజారిటీ అభిప్రాయపడింది. ఆలోచన ఎవరిది, ఎవరి ప్రయోజనం కోసం తలపెట్టారు, నిధులూ భూమీ ఎవరు సమకూర్చారు, పనిని ఎవరు ముందుకు నడిపారు అన్నవి చూడాలని చెప్పింది.

అనువాదకురాలు:
నేను అంటున్నదీ అదే. ఒక్క తేదీకి కట్టేస్తే ఈ మాట సగమే మిగులుతుంది. అనువదించేటప్పుడు నేను కర్మను చూసి మాట ఎంచుకుంటాను: వాస్తవమైతే నిరూపించడం, సంబంధమైతే ఏర్పరచుకోవడం, ఆచారమైతే నెలకొల్పడం, అధికారమైతే సుస్థిరం చేసుకోవడం. వీటన్నిటి వెనుక ఉన్నది నిలకడే.

చర్చ ప్రారంభించినవారు:
ఆ తీర్పులో అడిగిన ప్రశ్నల్లో మొదటిది ఆలోచన ఎవరిదన్నది. అది ఆరంభాన్ని వెదకడం కాక మరేమిటి? ఆరంభం ఒక్క రోజులో ముగియదని ఒప్పుకుంటాను. కానీ సంస్థల విషయంలో ఈ మాట నుంచి దాన్ని తీసివేయడానికి మాత్రం నేను సిద్ధంగా లేను.

న్యాయశాస్త్ర విద్యార్థి:
తీసివేయమని తీర్పూ చెప్పలేదు. ఆ కొలమానాలను అలీగఢ్‌కు వర్తింపజేసి తేల్చే పనిని ధర్మాసనం వేరే బెంచికి వదిలింది.