‘ఛాయిస్‌లో వదిలేశా’ అనడం తప్పా?

పర్లాకిమిడి ట్యూషన్ మాస్టారు:
నిన్న ఓ కుర్రాడు పరీక్ష రాసొచ్చాడు. ఏడో ప్రశ్న రాశావా అంటే ‘ఛాయిస్‌లో వదిలేశాను మాస్టారూ’ అన్నాడు. ఛాయిస్ అంటే ఎంపిక. ఎంచుకున్నది రాయాలి గానీ వదిలేయడమేమిటి? దిద్దబోతే వాళ్ల నాన్న నవ్వి, తనూ అలాగే అనేవాణ్నన్నాడు. తప్పే అంటాను. మీరేమంటారు?

రాయగడ నుంచి:
ఇంగ్లీషైతే తప్పే మాస్టారూ. కానీ వాడు మాట్లాడింది తెలుగు కదండీ! ‘ఎనిమిదింటిలో ఐదు రాయుము’ అని ఉంటే మన కళ్లు ముందు ఆ మిగిలే మూడింటి మీదే పడతాయి. వాటి పేరే ఛాయిస్. పరీక్షకు నెల ముందే పాఠాలకు పాఠాలు ఛాయిస్‌లో వదిలేసిన బ్యాచ్ మాది.

మాస్టారు:
రేపు ఇంటర్వ్యూలో ‘లెఫ్ట్ ఇన్ ఛాయిస్’ అంటే అవతలివాడు తెల్లమొహం వేస్తాడు. ఇంగ్లీషులో ఆ మాటకు ఎంచుకోవడం, ఎంచుకున్నది, ఎంచుకునే వీలు అనే అర్థాలున్నాయి. విశేషణంగా వాడితే మేలురకం అని కూడా. వదిలేసింది అన్న అర్థం మాత్రం లేదు.

బరంపురం అమ్మాయి:
మా అమ్మమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంది. ఏరినవి పారేస్తుంది. గాలికి రాలిన మామిడికాయలూ ఏరుతుంది. వాటితో పచ్చడి పెడుతుంది. ఒకటే మాట, ఒకసారి పారేయడానికి, ఒకసారి దాచుకోవడానికి. పక్కింటి ఒడియా పిన్నికి కూడా చీర ఎంచుకున్నా ‘బాఛిబా’యే, బియ్యం బాగుచేసినా ‘బాఛిబా’యే. మనకు అలవాటైన దారిలోనే ఛాయిస్ కూడా నడిచింది. అన్నట్టు మాస్టారూ, ఇంగ్లీషు ‘ఎలెక్ట్’కి లాటిన్‌లో మూలం కూడా ఏరి బయటికి తీయడమే. ఓటేసేటప్పుడు మనం ఏరేది రాళ్లనో కాయలనో మరి!

రాయగడ నుంచి:
మామిడికాయలతో గెలిచేశావమ్మా. ‘వేరే ఛాయిస్ లేదు’ అన్నప్పుడు మాత్రం మనం అచ్చంగా ఇంగ్లీషు అర్థంలోనే వాడతాం. కేంబ్రిడ్జ్‌లో గుర్రాలు అద్దెకిచ్చే థామస్ హాబ్సన్ అనే ఆయన ఉండేవాడు, 1631లో పోయాడు. తలుపు పక్కనున్న గుర్రాన్నే తీసుకోవాలి, లేదంటే నడిచిపోవాలి. అందుకే అలాంటిదాన్ని ‘హాబ్సన్స్ ఛాయిస్’ అంటారు. మా వాడికి స్కూల్లో మూడో భాష అలాగే వచ్చింది. ఫారంలో మూడు గడులు, ఉన్న టీచరు ఒక్కరు.

మాస్టారు:
సరే, తెలుగులో అంటే ఒప్పుకుంటాను, ఇంగ్లీషులో రాస్తే మాత్రం కొట్టేస్తాను. అసలు నా బాధ వేరే. ఆ ఏడో ప్రశ్న ఇంపార్టెంట్ అని వాడిచేత మూడుసార్లు చూడకుండా రాయించాను!