మ్యూనిక్ ముద్ర: "ముని పేర" అనా, "ముని పేరు" అనా?

మా జర్మన్ మేష్టారు మ్యూనిక్ నగర ముద్ర గురించి చెప్తూ "ముని పేర ఊరు, ఊరి పేర పాప" అనేవారు. నిన్నట్నుంచి బుర్ర తొలిచేస్తోంది, మొదటిది 'పేర'నా 'పేరు'నా? ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళుంటే చెప్పండి.

— 'పేర' అయ్యుండాలండి. 1158లో బార్బరోస్సా చక్రవర్తి ఆగ్స్‌బర్గ్‌లో ఇచ్చిన తీర్పులో ఆ ఊరు 'మునిహెన్' అని కనిపిస్తుంది, సన్యాసుల దగ్గర అని అర్థం. 1239 నాటి ముద్రలోనూ ముసుగేసుకున్న సన్యాసే.

— మునిహెన్! మన ముని అక్కడిదాకా వెళ్ళాడన్నమాట, నేను ఎప్పట్నుంచో అంటున్నా.

— లేదండీ, గ్రీకు 'మోనోస్' అంటే ఒంటరి, దాన్నుంచి మోనఖోస్, లాటిన్‌లో మోనాకుస్, అక్కణ్ణుంచి జర్మన్‌కి. మన ముని మననం చేసేవాడు. చెవికి ఒకేలా వినబడితే చుట్టరికం కలవదు.

— పైగా ఆ 'ఎన్' చతుర్థీ బహువచనం, అర్థం చూస్తే సప్తమి. విభక్తితో సహా ఊరి పేరైపోయింది, అందుకే 'పేరు' అన్నా తప్పులేదు.

— మరి పాప?

— 'కిండ్‌ల్' అక్కా, 'కిండ్' అంటే పిల్ల. చివరి 'ల్' బవేరియా వాళ్ళ ముద్దు, మనం బుజ్జి, చిట్టి అన్నట్టు. బొమ్మ గియ్యగా గియ్యగా సన్యాసి పసివాడై, తర్వాత ఆడపిల్లయ్యాడు, అక్టోబర్‌ఫెస్ట్ బీరు పండుగ ఊరేగింపులో నలుపు పసుపు అంగీతో గుర్రమెక్కి ముందు నడిచేది ఆ అమ్మాయే. అసలు ముద్రలో మాత్రం ఇప్పటికీ సన్యాసే, బంగారు అంచు నల్ల అంగీ, ఎర్ర జోళ్ళు, ఎడమచేతిలో ఎర్ర పుస్తకం. బొమ్మల్లో ఆ పాప చేతిలో కనబడే బీరు ముంత, ముల్లంగి జనం పెట్టినవి.

— పేరు విని బొమ్మ గియ్యడం అంటే శ్లేషే కదా, బెర్లిన్ నగర ముద్రలో ఎలుగుబంటి కూడా అంతే. సూరన గారు ఉంటే ఎంత మురిసిపోయేవారో!

— సూరన శ్లేషతో పోల్చకండి గురువుగారూ. రాఘవపాండవీయంలో రాముడి కథా నిలబడుతుంది, భారత కథా నిలబడుతుంది, పద్యం మాత్రం ఒకటే. బెర్లిన్ పేరు చిత్తడినేల అనే స్లావ్ మాట నుంచి వచ్చింది, ఎలుగు వట్టి ధ్వనిసామ్యం. మ్యూనిక్‌లో సన్యాసి నిజం.

— అయితే పదం విరిచి రెండో అర్థం తీసే సభంగ శ్లేష అనండి.

— అదీ కాదు, విరిచి చూపించండి ఎక్కడ విరుగుతుందో.

— నా పాత నోట్సు దొరికింది. తడిసి సిరా పాకిపోయింది, 'పేర' దాకా కనబడుతోంది, ర కి కొమ్ముందో లేదో మాత్రం తెలీట్లేదు.