ఫిస్టులా ఆపరేషన్ చేయిస్తే మలంపై అదుపు పోతుందా?

ప్రశ్న: మా అన్నయ్యకు 46 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం మలద్వారం పక్కన చీముగడ్డ లేస్తే కోసి చీము తీశారు. గాయం మానింది గానీ అక్కడ శనగగింజంత బొడిపె మిగిలి, పది పదిహేను రోజులకోసారి ఉబ్బి, చిట్లి, లోదుస్తులకు మరకవుతోంది. ఒక సర్జన్ గారు ఇది ఫిస్టులా అని, అంటే లోపలి నుంచి చర్మానికి చీము చేసుకున్న సన్నని దారి అని చెప్పి, ఆ దారిని కోసి తెరవాలన్నారు. మరొకరు లేజర్ అయితే ఒక్క రోజులో ఇంటికి వెళ్లవచ్చన్నారు. కోస్తే మలం ఆగదేమోనని అన్నయ్య బెంగపెట్టుకున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: ఏ పద్ధతి అన్నది తరువాత చూద్దామండీ. ఆ దారి ఎంత కండరాన్ని దాటి బయటికి వస్తోందో ముందు తేలాలి. మలద్వారం చుట్టూ రెండు కండర వలయాలుంటాయి. లోపలిది మన ప్రమేయం లేకుండానే బిగిసి ఉండి నిద్రలో సైతం కాపలా కాస్తుంది. వెలుపలిది మనం బిగబట్టినప్పుడు పనిచేస్తుంది. లోపలి గ్రంథిలో పుట్టిన చీము ఈ వలయాల నడుమగానో, రెండింటినీ దాటుకునో చర్మానికి చేరుతుంది. 1976లో బ్రిటిష్ సర్జన్ పార్క్స్ చేసిన ఫిస్టులాల వర్గీకరణకు ఆధారం ఇదే.

దారి కిందుగా, కొద్దిపాటి కండరాన్నే దాటుతుంటే, కోసి తెరిచి అడుగు నుంచి మాననివ్వడమే నేటికీ నమ్మకమైన చికిత్స. అదే దారి వెలుపలి వలయంలో మూడో వంతుకు మించి దాటుతున్నా, ఇంతకు ముందే అక్కడ కోతలు పడినా, స్త్రీలలో ముందువైపు ఉన్నా (అక్కడ కండరం సహజంగానే పలుచన, పైగా కాన్పుల దెబ్బ), కోయడానికి జంకాలి. అప్పుడు ఆ దారి గుండా వదులుగా దారం వేసి కొన్ని వారాలు చీము కారనిచ్చి, ఆపైన లిఫ్ట్ వంటిది చేస్తారు. థాయ్‌లాండ్ సర్జన్ రోజనసకుల్ 2007లో ప్రకటించిన ఈ పద్ధతిలో రెండు వలయాల సందులో చిన్న కోత పెట్టి, దారిని వెదికి పట్టుకుని, ముడివేసి తెంచుతారు; వెలుపలి కండరం తెగదు. ఇది తెరిచే ఆపరేషన్ కంటే ఎక్కువగా తిరగబెడుతుంది, నిజమే. అయినా తిరగబెట్టిన ఫిస్టులాకు మళ్లీ వైద్యం ఉంటుంది, తెగిన కండరాన్ని మునుపటిలా చేయడం చాలా కష్టం. లేజర్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఒక్క రోజులో ఇంటికి పంపడం వేరు, పుండు మానడం వేరు.

కాబట్టి ఎమ్మారై తీయించి, దారి ఎత్తు, కొమ్మలు, లోపల మిగిలిన చీము గురించి ఏం రాశారో సర్జన్ గారిని అడిగి తెలుసుకోండి.

మరో ప్రశ్న: ఆయుర్వేదంలోని క్షారసూత్రంతో కోత లేకుండానే తగ్గుతుందంటున్నారు, నిజమేనా అండీ?

సమాధానం: కోత ఉంటుంది, నెమ్మదిగా పడుతుంది. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు 21 పూతలుగా పట్టించిన దారం అది. వారానికోసారి మారుస్తుంటే ముందు తెగుతూ వెనుక మానుతూ వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 1991లో ప్రచురించిన అధ్యయనంలో తిరగబెట్టినవి క్షారసూత్రంతో 4 శాతం, ఆపరేషన్‌తో 11 శాతం. మానడానికి మాత్రం 4 వారాలకు బదులు 8 పట్టింది. ఎక్కువ కండరాన్ని దాటే ఎత్తైన ఫిస్టులాకైతే ఇదీ కండరాన్ని తెంచేదేనని మరవకండి. ఏది చేయించినా తీసిన ముక్కను బయాప్సీకి పంపమనండి, మన దగ్గర క్షయ వల్ల వచ్చే ఫిస్టులాలు లేకపోలేదు. ఈలోగా జ్వరంతో వాపు వస్తే ఆపరేషన్ తేదీ కోసం ఆగకుండా ఆ రోజే చీము తీయించాలి.